సీమనూనె బుడ్డి నుంచి ఎల్ఈడీ దాకా: మన ఇండ్లల్లో దీపం మారిన చరిత్ర

ప్రతి ఏడాది ఈ నివేదికలో మనం పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి ఎంత, కిస్తీలు ఎంత వసూలైనాయి అని రాసుకుంటా వస్తున్నాం. ఈసారి లెక్కలతో పాటు ఒక చరిత్ర కూడా రాయాలని కార్యవర్గ సమావేశంలో అనుకున్నాం. ఏ చరిత్ర అంటే చానా మాటలు వచ్చినాయి. చివరికి దీపం అని తేలింది. ఎందుకంటే ఈ ఏడాది గ్రామైక్య సంఘం సమావేశాల్లో ఎక్కువసార్లు వినబడిన మాట కరెంటు బిల్లు. కిస్తీకని కొంగుకు ముడి వేసుకున్న డబ్బు బిల్లుకు పోతోందని సభ్యులు చెప్తా ఉంటే, అసలు మన ఇంట్లోకి ఈ ఖర్చు యాడి నుంచి వచ్చింది, ఎట్లా వచ్చింది అని వెనక్కి పోయి చూసినాం. పదో తరగతి దాకా చదువుకున్న మాకు తెలిసినంతలో, ఊర్లో అవ్వలను అడిగి, పాత పథకాల సంగతులు కనుక్కొని రాస్తున్నాం.

మన జొన్నగిరి అంటే బయటోళ్లకు వజ్రాలు. తొలకరి పడితే చాలు, యాడెడ నుంచో వచ్చి చేన్లల్లో వంగి వెతుకుతారు. చదువుకున్నోళ్లకైతే పక్కనే ఎర్రగుడి బండల మీద అశోకుడు రాయించిన శాసనాలు గుర్తొస్తాయి. ఆ కాలంలో ఇక్కడ రాత్రిపూట ఏ దీపం వెలిగిందో ఏ బండ మీదా రాసి లేదు. మన అవ్వల కాలానిది మాత్రం చెప్పగలం. ఆముదం దీపం. చేన్లో పండిన ఆముదాలు తెచ్చి, వేయించి, దంచి, నీళ్లలో ఉడకబెట్టి, పైకి తేలిన నూనె తీసి కుండలో పోసుకునేది. పాత గుడ్డ చించి వత్తి చేసేది. ఆ పనంతా ఆడోళ్లదే. కష్టం ఎక్కువ, వెలుతురు తక్కువ. కానీ ఆ దీపానికి చేతి నుంచి ఒక్క పైసా కూడా బయటికి పోలేదు.

సీమనూనె వచ్చినాక అది మారింది. పేరులోనే ఉంది చూడండి, సీమ నుంచి వచ్చిన నూనె. దాన్ని ఇంట్లో తీసుకోలేము. అంగడికి పోవాల, డబ్బు పెట్టాల. దీపం కోసం మన ఇంటి డబ్బు అంగడికి పోవడం అప్పటి నుంచే మొదలైంది. బుడ్డి, లాటీను, అంగళ్లల్లో పెట్రోమాక్సు, అన్నీ ఆ నూనె మీద బతికినవే. ఇక్కడ ఒక ముచ్చట చెప్పాల. చైనా దేశంలో అమెరికా వాళ్ల స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ సీమనూనె అమ్మడానికి పోయినప్పుడు, అక్కడి జనానికి ఆ నూనె అలవాటు లేదు. కంపెనీ ఏం చేసిందంటే, చిన్న చిన్న దీపాలు తయారుచేయించి లాభం చూసుకోకుండా చౌకగా పంచింది. మెయ్ ఫూ దీపాలని వాటికి పేరు. దీపం ఇంట్లోకి పోతే నూనె దానంతట అదే అమ్ముడు పోతుందని వాళ్లకు తెలుసు. ఎక్కువ మండితే ఎవరికి లాభమో వాళ్లే దీపం తెచ్చి చేతిలో పెట్టినారు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, ముందుకు పోయేకొద్దీ పనికొస్తుంది.

కరెంటు సంగతికి వద్దాం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయ్యే దాకా మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నోళ్లం. తుంగభద్ర డ్యామ్ కట్టినాక 1950ల చివర్లో ఆడ కరెంటు తయారైంది. 1959లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు వచ్చింది. ముందు పట్నాలకు, మిల్లులకు, తర్వాత మోటార్లకు, చివరికి మన ఇండ్లకు. బీదోళ్ల ఇంటికి ఒక్క దీపం కనెక్షన్ ఇచ్చే కుటీర జ్యోతి పథకం 1988-89లో వచ్చింది. అయినా 2001 జనాభా లెక్కల్లో మన పాత ఉమ్మడి రాష్ట్రంలో 100 ఇండ్లకు 67 ఇండ్లల్లోనే కరెంటు దీపం. మిగతా వాళ్లది బుడ్డి దీపమే. 2011కు అది 92 అయింది. అంటే ఇప్పుడు సంఘాల్లో ఉన్న మనలో చానామంది బుడ్డి ముందర కూర్చొని చదువుకున్నోళ్లమే. ముక్కుల్లో మసి, పుస్తకం మీద నూనె మరకలు మనకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

రాత్రిపూట వెలుతురు ఆడోళ్లకు ఏం చేసిందో చూడాలంటే నెల్లూరు జిల్లా దూబగుంట ఉంది. పగలంతా పని చేసి రాత్రి బడికి వచ్చిన ఆడోళ్లు వాచకంలో సీతమ్మ కథ చదివి, సారా మీద తిరగబడినారు. ఆ పోరాటం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా బందయింది. ఆ ఊపులోనే పొదుపు సంఘాలు ఊరూరా లేచినాయి. 2000లో మన సంఘాల కోసం వచ్చిన ప్రాజెక్టుకు పెట్టిన పేరు కూడా వెలుగు.

సరే, బల్బు వచ్చింది. 60 వాట్ల పాత బల్బు. అంగట్లో పది పదిహేను రూపాయలకే దొరికేది. మంచి బల్బు అయినా సుమారు వెయ్యి గంటలు వెలుగుతుంది. రోజుకు ఐదు గంటలు వేస్తే ఏడు నెలలు కూడా రాదు. మన ఊర్లల్లో వోల్టేజీ ఒకసారి తగ్గి ఒకసారి ఎగిరేది కాబట్టి అంతకన్నా ముందే టప్పుమనేది. ఆ బల్బు తినే కరెంటులో ఎక్కువ భాగం వేడికే పోతుంది. చలికాలం బల్బు పెట్టి కోడిపిల్లలకు వెచ్చదనం ఇచ్చినోళ్లకు ఇది బాగా తెలుసు. ఎమ్మిగనూరులో మగ్గం గుంటలో కూర్చొని రాత్రిపూట నేసే వాళ్ల నెత్తి మీద 100 వాట్ల బల్బు ఉంటే ఆ వేడి ఎట్లుంటుందో ఆ ఇండ్లోళ్లనే అడగాల.

జీరో బల్బు అని ఇంకొకటి ఉండేది. పేరు జీరో కాబట్టి కరెంటు కాలదని అందరూ నమ్మి తెల్లారేదాకా వేసి పెట్టేవాళ్లం. నిజానికి అది 15 వాట్ల దాకా తీసుకుంటుంది. రాత్రి పది గంటలు వేస్తే నెలకు నాలుగున్నర యూనిట్లు. దేవుని పటం కాడ ఒకటి, పడసాలలో ఒకటి అంటే తొమ్మిది యూనిట్లు. ఆ పేరు పెట్టినోళ్లు ఎవరో కానీ వ్యాపారం బాగా తెలిసినోళ్లు.

తర్వాత సీఎఫ్ఎల్ కాలం. మెలికలు తిరిగిన తెల్ల గొట్టం బల్బు. 60 వాట్ల వెలుతురు 14, 15 వాట్లకే ఇస్తుంది. కానీ ధర వంద రూపాయలకు పైన. పది రూపాయల బల్బు కొనే ఇంట్లో వంద రూపాయల బల్బు ఎవరు కొంటారు? ఈ ముడి విప్పడానికి ఒక్కోచోట ఒక్కో ఉపాయం చేసినారు. మనోళ్లు పనికి పోయే బెంగళూరులో 2004 చివర్లో అక్కడి కరెంటు కంపెనీ బెస్కాం, అంగట్లో సీఎఫ్ఎల్ తీసుకొని డబ్బు తొమ్మిది కంతులుగా కరెంటు బిల్లులో కట్టే పద్ధతి పెట్టింది. మన రాష్ట్రంలో విశాఖపట్నంలో ఓస్రామ్ కంపెనీ, తూర్పు డిస్కంతో కలిసి పాత బల్బులు తీసుకొని సీఎఫ్ఎల్ ఇచ్చింది. 2009లో కేంద్ర ప్రభుత్వం బచత్ ల్యాంప్ యోజన అని పెట్టింది. పాత బల్బు ఇచ్చి 15 రూపాయలు కడితే సీఎఫ్ఎల్. మిగతా డబ్బు, బొగ్గు పొగ తగ్గించినందుకు వచ్చే కార్బన్ క్రెడిట్లు అమ్మి రాబట్టుకోవాలని లెక్క. కేరళలో అది బాగా నడిచింది, ఇంటింటికీ రెండు చొప్పున ఇచ్చినారు. కానీ కార్బన్ క్రెడిట్ల ధర అంతర్జాతీయ బజారులో పడిపోవడంతో ఆ పథకం నడుము విరిగింది. మన టమోటా ధర మాదిరే.

ఇక ఎల్ఈడీ. 2014 అక్టోబరు 7న జపాన్‌లో పుట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకు, అకసాకి, అమానో, నకమురా అనే వాళ్లకు, నీలి ఎల్ఈడీ కనిపెట్టినందుకు నోబెల్ బహుమతి ప్రకటించినారు. ఎరుపు, పచ్చ ఎల్ఈడీలు అంతకుముందే ఉన్నాయి కానీ నీలం లేకుండా తెల్ల వెలుతురు రాదు. సరిగ్గా అదే నెలలో మన ఆంధ్రప్రదేశ్‌లో గుంటూరు, అనంతపురం, పశ్చిమ గోదావరి, శ్రీకాకుళం జిల్లాల్లో ఇంటింటికీ ఎల్ఈడీ ఇచ్చే కార్యక్రమం మొదలైంది. రెండు పాత బల్బులు ఇచ్చి, ఒక్కోదానికి పది రూపాయలు కడితే రెండు 7 వాట్ల ఎల్ఈడీ బల్బులు. అప్పటికి అంగట్లో అట్లాంటి బల్బు ధర వందల్లో ఉంది. కొత్తగా విడిపోయిన రాష్ట్రం దేశంలో చానా రాష్ట్రాల కన్నా ముందు ఈ పని చేసింది.

మొదటి నాలుగు జిల్లాల్లో కర్నూలు లేదు. మనకేమో గుత్తి, గుంతకల్లు అడుగు దూరం, అవి అనంతపురం జిల్లా. ఆ పక్క పుట్టినిండ్లు ఉన్న ఆడబిడ్డలు పండగకు పోయినప్పుడు ఆ తెల్లటి వెలుతురు చూసి వచ్చి ఇక్కడ చెప్పినారు. మన జిల్లా అప్పటిదాకా హైదరాబాదు కేంద్రంగా ఉన్న సెంట్రల్ డిస్కం కింద ఉండి, 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడే తిరుపతి డిస్కంలో కలిసింది. తర్వాత మనకూ బల్బులు వచ్చినాయి. 2015 జనవరి 5న దేశమంతటికీ పథకం మొదలైంది, దానికే తర్వాత ఉజాలా అని పేరు. మన రాష్ట్రంలో రెండు కోట్లకు పైగా, దేశంలో 36 కోట్లకు పైగా బల్బులు పంచినారు. ఈఈఎస్ఎల్ అనే ప్రభుత్వ సంస్థ కోట్ల బల్బులు ఒకేసారి టెండరు పెట్టి కొనింది కాబట్టి, 2014 మొదట్లో 310 రూపాయలు పడిన బల్బు రెండు మూడేళ్లల్లో 38 రూపాయలకు దిగింది. మనం సంఘంగా కలిసి ఒకేసారి ఎరువు బస్తాలు కొంటే ధర తగ్గినట్టే. 2021లో గ్రామ ఉజాలా పేరుతో మళ్లీ పది రూపాయల బల్బు వచ్చినప్పుడు దేశంలో ఎంచుకున్న ఐదు చోట్లలో మన విజయవాడ ప్రాంతం ఒకటి.

ఇప్పుడు చైనా దీపం ముచ్చట గుర్తు చేసుకోండి. ఆడ ఎక్కువ మండాలని దీపం ఇచ్చినారు. ఈడ తక్కువ కాలాలని ఇచ్చినారు. ఎవరికి లాభం? సాయంత్రం ఆరు నుంచి పది దాకా అందరూ ఒకేసారి దీపాలు వేస్తారు. ఆ నాలుగు గంటల కోసం డిస్కంలు ఎక్కువ ధర పెట్టి కరెంటు కొనాల. బీదోళ్లకు తక్కువ రేటుకు ఇచ్చే యూనిట్ల మీద వాళ్లకు నష్టమే. అందుకే మన ఇంట్లో తక్కువ కాలితే మనతో పాటు వాళ్లకూ మేలు. ఉచితంగా ఇచ్చినారు, దయతో ఇచ్చినారు అనుకోవాల్సిన పని లేదు.

ఈ కథలో ఒక మనిషిని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. అంగడాయన. పాత బల్బు ఒకటి అమ్మితే ఆయనకు రూపాయో రెండో మిగులుతుంది, ఆరేడు నెలలకు మనం మళ్లీ పోతాం. పంపిణీ కౌంటరు వచ్చింది, నాలుగు దినాలు వరుసలు కట్టినాం, తీసుకున్నాం, కౌంటరు పోయింది. మూడేళ్ల గ్యారంటీ అన్నారు. బల్బు ఆరిపోయిన దినం ఆ కౌంటరు యాడ వెతకాల? మనం పోయింది మళ్లీ అంగడికే. అప్పుడు ఆయన చేతిలో ఏముందో అదే మన ఇంట్లోకి వచ్చింది. ఏముందంటే, పెట్టె మీద కంపెనీ పేరు కూడా సరిగా లేని, వారం సంతలో గంపల్లో పెట్టి అమ్మే ఎల్ఈడీ. 2017లో నీల్సన్ సంస్థ హైదరాబాదు, ముంబయి, ఢిల్లీ, అహ్మదాబాదుల్లో 200 దుకాణాలు చూసి, ఎల్ఈడీ బల్బుల బ్రాండ్లల్లో 100కు 76 భద్రతా ప్రమాణాలకు తగ్గట్టు లేవని తేల్చింది. పట్నాల్లోనే అట్లుంటే మన సంత సంగతి చెప్పేదేముంది? నాలుగు నెలలకు అది ఆరిపోతే "ఎల్ఈడీ మంచిది కాదు" అని ఊరంతా మాట. తప్పు ఎల్ఈడీది కాదు.

ఈ సంగతి సమావేశంలో మాట్లాడినాక మేము నలుగురం ఒక అంగడాయనతో కూర్చున్నాం. ఆయన దాచుకోకుండా చెప్పినాడు. "అక్కా, మంచి కంపెనీది తెస్తే నా డబ్బు అంగట్లో ఇరుక్కుంటాది. మీరు బేరం చేసి సంతకు పోతారు. గ్యారంటీలో పోయిన బల్బు మార్చాలంటే నేనే ఆదోనికి చార్జీ పెట్టుకొని పోవాల. నాకేం మిగుల్తాది?" మాటలో న్యాయం ఉంది. పోలండ్ దేశంలో 1995 నుంచి ఒక పథకం నడిపినప్పుడు ఇదే లెక్క చూసినారు. రాయితీ కొనేవాళ్ల చేతికి కాకుండా తయారుచేసే కంపెనీకే ఇచ్చినారు. ఎందుకంటే హోల్‌సేలు ఆయన, అంగడాయన లాభం, పన్ను, అన్నీ కొన్న ధర మీద నూటికి ఇంత అని పడతాయి. కింద పది రూపాయలు తగ్గితే మన చేతికి వచ్చేసరికి పది కన్నా ఎక్కువే తగ్గుతుంది. అంగళ్లోళ్లు కూడా తమ వ్యాపారం తాము చేసుకుంటా ఆ బల్బునే అమ్మినారు. మన దగ్గర కూడా 2017లో పెట్రోలు బంకుల్లో 9 వాట్ల బల్బు 70 రూపాయలకు అమ్మే ఏర్పాటు చేసినారు కానీ, బల్బు కోసం బంకుకు పోయే ఆడమనిషి ఎవరు?

మేము రాయితీ ఇచ్చేంత పెద్దోళ్లం కాదు. మా చేతిలో ఉన్నది సభ్యుల కొనుగోలు. అందుకే అంగడాయనతో ఒప్పందం ఇట్లా చేసుకున్నాం: గ్యారంటీ ఉన్న బల్బు పెట్టి, బిల్లు రాసిచ్చి, పోతే మార్చి ఇచ్చే అంగట్లోనే సంఘం సభ్యులు బల్బులు కొంటారు. పోయిన బల్బులన్నీ ఒక డబ్బాలో వేసి, నెలకొకసారి సంఘం పని మీద ఆదోనికి పోయేవాళ్లు తీసుకుపోయి మార్పించి తెస్తారు. ఆయన చార్జీ మిగిలింది, డబ్బు ఇరుక్కోలేదు. ఒక అంగడితో మొదలైంది, ఇప్పుడు పక్క వీధి అంగడాయన తానే వచ్చి అడిగినాడు. సంతలో గంప బల్బులు పూర్తిగా పోయినాయని చెప్పము, ఇంకా కొనేవాళ్లు ఉన్నారు.

కొనేటప్పుడు ఏం చూడాలో సమావేశాల్లో పెట్టె చేతికిచ్చి చూపిస్తున్నాం. ముందు వాట్లు కాదు, ల్యూమెన్లు చూడాల. వాట్లు అంటే తినేది, ల్యూమెన్లు అంటే ఇచ్చేది. ఎద్దు ఎంత మేసిందని కాదు, ఎంత దున్నిందని అడిగినట్టు. పాత 60 వాట్ల బల్బు సుమారు 700 ల్యూమెన్లు ఇచ్చేది. మంచి 9 వాట్ల ఎల్ఈడీ అంతకు తగ్గదు. పెట్టె మీద బీఐఎస్ గుర్తు, ఐఎస్ 16102 అనే అంకె, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాల. 2018 నుంచి ఎల్ఈడీ బల్బుకు నక్షత్రాల లేబులు కూడా తప్పనిసరి. చదువు రాని సభ్యులకు నక్షత్రాలు లెక్కపెట్టడం మాత్రం ఒక్క నిమిషంలో వచ్చేసింది. బిల్లును బల్బు పెట్టెలోనే మడిచి దాచమని చెప్తున్నాం. సీఎఫ్ఎల్ ఇంకా ఉన్న ఇండ్లల్లో అది పగిలితే అందులో కొంచెం పాదరసం ఉంటుంది కాబట్టి తలుపులు తీసి, పిల్లలను దూరం పెట్టి, చేత్తో కాకుండా అట్టముక్కతో ఎత్తాల.

లెక్క కూడా నోటితో కాకుండా బిల్లు ముందర పెట్టుకొని చేస్తున్నాం. నాలుగు 60 వాట్ల బల్బులు రోజుకు ఐదు గంటలు వేస్తే నెలకు 36 యూనిట్లు. నాలుగు 9 వాట్ల ఎల్ఈడీలైతే ఐదున్నర లోపే. మిగిలేది 30 యూనిట్లు. 2022లో వచ్చిన రేట్ల ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50. నెలకు 95 యూనిట్లు కాల్చే ఇల్లు 65కు దిగితే, ఇతర చార్జీలు వదిలేసి, 282 రూపాయలు 162 అవుతుంది. నెలకు 120 రూపాయలు. పై శ్లాబు నుంచే తగ్గుతుంది కాబట్టి ఇంత వస్తుంది. ఉచిత యూనిట్లు ఉన్న ఎస్సీ, ఎస్టీ సభ్యులు "మాకెందుకు ఈ లెక్క" అంటారు. 200 యూనిట్ల హద్దు దాటకుండా ఉండేదానికే ఈ లెక్క.

సుగ్గికి పోయే ఇండ్లల్లో ఒక అలవాటు ఉంది. గుంటూరు పక్క మిరపకాయలు తెంపడానికి పోయేటప్పుడు, తలుపుకు తాళం వేసే ముందు హోల్డర్‌లోని బల్బు ఊడదీసి గుడ్డల మూటలో పెట్టుకుంటారు. ఆడ గుడిసెలో వేసుకోడానికి. పాత బల్బైతే బస్సులోనే వైరు తెగేది. ఎల్ఈడీ ఆ ప్రయాణం తట్టుకుంటోంది, పోయి వస్తోంది.

మన ఇండ్లల్లో ఇంకా మిగిలిన పాతవి చోక్ ఉన్న ట్యూబులైట్లు. పేరుకు 40 వాట్లు, చోక్‌తో కలిపితే 50 దాటుతుంది. రోజుకు ఐదు గంటలకు నెలకు సుమారు 8 యూనిట్లు. 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబు అయితే 3 యూనిట్లు. ధర రెండు వందలకు పైన కాబట్టి సభ్యులు ఒకేసారి పెట్టలేమంటున్నారు. సంఘం అంతర్గత అప్పు నుంచి నాలుగు కంతులుగా ఇవ్వొచ్చా అనేది వచ్చే నెల సమావేశంలో తీర్మానానికి పెడుతున్నాం. ఆ సమావేశానికి ప్రతి సభ్యురాలు పోయిన నెల కరెంటు బిల్లు చేతిలో పట్టుకొని రావాల.